రన్నుకు రేటు కట్టినారు, బెంచీకి లెక్క ఏదీ?

కోయిలకుంట్ల నల్లరేగడిలో శనగ వేసే రైతుకు ఎవరూ లెక్కలు నేర్పాల్సిన పనిలేదు. ఎకరాకు ఎంత పెట్టినాం, ఎన్ని మూటలు వచ్చినాయి? ఐపీఎల్ జట్లకూ ఇదే లెక్క వేసి చూద్దాం. వేలంలో అన్ని జట్లకూ ఖర్చు పరిమితి ఒకటే. కాబట్టి ఎవరి దగ్గర డబ్బుందన్నది కాదు, ఉన్నోళ్లను ఎట్లా వాడుకున్నారన్నదే ప్రశ్న.

హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్లనే తీసుకోండి. 2008లో డెక్కన్ చార్జర్స్‌లో లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, రోహిత్ శర్మ ఉన్నారు. ఇంతమంది ఉండి 14 మ్యాచుల్లో గెలిచింది రెండంటే రెండు! అట్టడుగు స్థానం. మరుసటేడు దక్షిణాఫ్రికాలో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో, చాలావరకు అదే బలగంతో కప్పు కొట్టినారు. అక్కడి పిచ్‌ల మీద ఆర్.పి.సింగ్ 23 వికెట్లు తీసినాడు. ప్రతిభ ఏడాదిలో ఆకాశం నుంచి ఊడిపడిందా? ముందునుంచీ ఉన్నదే!

సన్‌రైజర్స్ కథ ఇంకా విచిత్రం. 2023లో హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు పెట్టినారు. 11 మ్యాచుల్లో 190 రన్నులు, అందులో వంద ఒక్క మ్యాచ్‌లోనే. రన్నుకు దాదాపు 7 లక్షలు పడింది. 2024లో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి 20 లక్షలకే 303 రన్నులు చేసినాడు. రన్నుకు 6,600 రూపాయలు! ఆహా, ఎంత చవక అని మెచ్చుకున్నారంతా. ఆగండి. ఆ నితీశ్ 2023లోనూ అదే జట్టులో ఉన్నాడు. ఆడించింది 2 మ్యాచులు, బ్యాటు పట్టే అవకాశమే రాలేదు. ఆ ఏడు జట్టుది పదో స్థానం. రన్ను రేటు చూస్తే ఈ నష్టం ఎక్కడా కనపడదు. ఆడనోనికి రన్నులుండవు, రేటూ ఉండదు.

మన సీమ సంగతి చూడండి. అప్పటి కడప జిల్లా రాయచోటి ప్రాంతం ఫాస్ట్ బౌలర్ మారంరెడ్డి హరిశంకర్ రెడ్డిని 2021లో చెన్నై 20 లక్షలకు కొన్నది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. చెన్నై కప్పు గెలిచింది, కాబట్టి వాళ్ల లెక్క సరిపోయింది. గెలిచే జట్టును మార్చమని ఎవరూ అనరు, మేమూ అనం. కానీ సీమ నుంచి అంత దూరం పోయిన పేస్ బౌలర్ ఆ ఏడాది ఏ ఖాతాలో పడినట్టు?

వేలం ధర పైసలతో సహా ప్రకటిస్తారు గదా. కొన్న ప్రతి కొత్త కుర్రాడికీ ఎన్ని మ్యాచులు ఇచ్చినారో, ఎందుకు కూర్చోబెట్టినారో సీజన్ అయినాక ప్రకటించడానికి అడ్డమేమి?