అబ్బాకి ఆరామ్ ఒక్కటే చాలదు

మా అబ్బా రిటైరయ్యాక కూడా ఫజర్ అవ్వగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో నిలబడేవారు. ఏ బస్సూ ఎక్కేవారు కాదు. ఇంట్లో కూరగాయల సంచి పట్టుకున్నా, "మీరు ఆరామ్‌గా ఉండండి అబ్బా" అని లాక్కునేవాణ్ణి. అదే ఖిద్మత్ అనుకున్నాను. అది నా గలతీ.

2021లో తెలంగాణ సర్కారు ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచింది. మూడేళ్లు కలిశాయి, సరే. ఆ మర్నాటి సవాల్ మాత్రం మారలేదు: ఇవాళ నాతో ఎవరికి పని? పెన్షన్ కడుపు చూసుకుంటుంది, ఆ సవాల్‌కి జవాబివ్వదు.

జవాబిచ్చింది మా ఆపా. ఎల్బీనగర్‌లో ఉంటుంది. కొడుక్కి లెక్కలు చెప్పమని అబ్బాని అడిగింది. ఇప్పుడు అసర్ చదివి మెట్రో ఎక్కుతారు, మూడో స్టేషన్‌లో దిగుతారు. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర "వాడికి భిన్నాలు వచ్చేశాయి" అంటూ ఇంకో రొట్టె అడుగుతారు.

నిజంగా అలసిపోయిన బుజుర్గులూ ఉంటారు. వాళ్లని ఆరామ్ తీసుకోనివ్వండి. కానీ ఆ ఫైసలా వాళ్లది, మనది కాదు. ఇంట్లో మష్వరా జరిగేటప్పుడు ముందు వాళ్లని అడగండి. ఆ సంచి కూడా వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.