నింద కోడలికేనా?



పెండ్లయి నాలుగేండ్లు గడచినా బిడ్డలు కలుగకపోతే మన పల్లెల్లో మొదట మాట పడేది కోడలే. ఆమెనే ఆసుపత్రుల చుట్టూ త్రిప్పుతారు, ఆమె కొరకే ప్రార్థన చేయమని అడుగుతారు. "అబ్బాయికి పరీక్ష చేయించారా?" అని మేము అడిగితే పెద్దలు నొచ్చుకుంటారు. అందుకే ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము.

మగపిల్లలకు గొంతు మారడం, మీసం రావడం, కండ బలపడడం టెస్టోస్టిరోన్ అనే హార్మోను వలన జరుగుతాయి. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి ప్రేరేపిస్తే వృషణాలు దానిని తయారుచేస్తాయి. ఆ ప్రేరణ అందకపోయినా, వృషణాలే బలహీనమైనా కొరత ఏర్పడుతుంది.

పుట్టుకతో వచ్చే కారణాలలో ముఖ్యమైనది క్లైన్‌ఫెల్టర్ లోపం. సాధారణంగా మన కణాలలో 46 క్రోమోజోములుంటాయి. వాటిలో పురుషునికి ఒక ఎక్స్, ఒక వై. ఈ లోపమున్న వారిలో ఎక్కువమందికి ఒక ఎక్స్ అదనంగా చేరి మొత్తం 47 అవుతాయి. 1942లో అమెరికా వైద్యుడు హ్యారీ క్లైన్‌ఫెల్టర్ దీని లక్షణాలను వివరించారు. 1959లో స్కాట్లండులో పట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్ ఈ అదనపు ఎక్స్‌ను కనుగొన్నారు. 500 నుండి 1000 మంది మగశిశువులలో సుమారు ఒకరికి ఇది ఉంటుంది.

పొడవైన కాళ్ళు, పలుచని గడ్డం, రొమ్ము పెరగడం, చిన్న వృషణాలు దీని గుర్తులు. కొందరికి బయటికేమీ తెలియదు; బిడ్డలు లేరని పరీక్షకు వెళ్ళినప్పుడే బయటపడుతుంది.

ఇది ఎవరి పాపమూ కాదు. అండమో శుక్రకణమో ఏర్పడే వేళ అనుకోకుండా జరిగే తేడా. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అడిగినదానికి ప్రభువు ఏమని జవాబిచ్చెనో యోహాను 9వ అధ్యాయములో చదవండి.

వీర్యపరీక్ష, ఉదయం పూట చేసే రక్తపరీక్ష, క్రోమోజోము పరీక్షలతో సంగతి తేలుతుంది. హార్మోను చికిత్సతో ఒంటికి బలము, ఎముకలకు గట్టిదనము వస్తాయి. అయితే బిడ్డలు కావాలనుకునేవారు సొంతంగా ఆ ఇంజక్షన్లు వేయించుకోకూడదు. వాటివలన శుక్రకణాలు తగ్గుతాయి. చిన్న శస్త్రచికిత్సతో శుక్రకణాలు దొరికి తండ్రులైనవారూ ఉన్నారు.

సంఘ పెద్దలారా, కోడలిమీది నిందను తీసి కుమారునిమీద వేయమని మేము చెప్పడం లేదు. ఇద్దరినీ కలిసి వైద్యుని యొద్దకు పంపండి. ఫలితమేదైనా ఇద్దరినీ ఒకే ప్రేమతో ఇంటికి చేర్చుకోండి.