గాలిని అడగకుండా వేసే లెక్కలు

అడవులు పీల్చుకున్నది మినహాయించకుండా చూస్తే, 2020లో భారతదేశం 295.9 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులను వదిలింది. 2024 డిసెంబరులో మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలోని అంకె ఇది. దీన్ని ఎవరూ గాలిలో కొలవలేదు. బొగ్గు ఎన్ని టన్నులు కాల్చాం, పశువులు ఎన్ని ఉన్నాయి, వరి ఎన్ని హెక్టార్లలో వేశాం అని లెక్కగట్టి, ఒక్కోదాన్నీ ఒక్కో గుణకంతో హెచ్చవేసి కూడితే వచ్చింది.

దేశాలన్నీ చేసేది ఇదే కాబట్టి పద్ధతిని తప్పుపట్టను. కోపం వచ్చేది ఆ తర్వాత నడిచే వాదనలు చూసి. ఉద్గారాల్లో మూడో స్థానం మీదేనని మనల్ని వేలెత్తి చూపేవాళ్లూ, తలసరి లెక్క చూడండని తిప్పికొట్టే మనవాళ్లూ కాగితం మీది అంకెలతోనే కొట్టుకుంటున్నారు. కొట్టు యజమాని రాసుకున్న పద్దును గల్లాపెట్టెతో ఒక్కసారీ సరిచూడకుండా లాభనష్టాల మీద తగవు పడటం లాంటిదిది. సరిచూసే సాధనం లేదా అంటే, ఉంది. దాని పేరు రాడాన్. మన వాతావరణ విధానంలో దానికి చోటు ఇవ్వకపోవడం అక్షరాలా నిర్లక్ష్యమే.

రాడాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి తుమ్మలపల్లె యురేనియం గని, ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ భయం నిరాధారం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 3 నుంచి 14 శాతం ఇళ్లలో పోగుపడే రాడాన్ వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఆ చర్చ వేరు. ఆరుబయట గాలిలో అతి కొద్ది మోతాదులో ఉండే రాడాన్ ఎవరినీ చంపడానికి కాదు, మనకు ఒక నిజం చెప్పడానికి పనికొస్తుంది.

ఆ నిజం 3.8 రోజులు అనే అంకెలో ఉంది. నేలలోని యురేనియం క్రమంగా రేడియంగా, అది రాడాన్‌గా మారుతుంది. రాడాన్ జడవాయువు. దేనితోనూ కలవదు. ఆకులు దాన్ని పీల్చుకోవు. వానకు కొట్టుకుపోదు. వాతావరణం నుంచి అది తప్పుకునే దారి ఒక్కటే, తనంతట తాను క్షయించడం. 3.8 రోజులకు అందులో సగం మాయమవుతుంది. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు గాలిలో ఉంటుంది, మీథేన్ పదేళ్ల దాకా ఉంటుంది. అందుకే ఇవాళ కొలిచిన కార్బన్‌లో మన తాతల నాటి పొగ ఎంతో, నిన్నటి పొగ ఎంతో విడదీయడం కష్టం. రాడాన్‌తో ఆ చిక్కు లేదు. గాలిలో రాడాన్ కనిపించిందంటే ఆ గాలి ఇటీవలే నేలను తాకింది. నేల నుంచి చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు ఒక్క రాడాన్ పరమాణువు వస్తే, సముద్రం నుంచి అందులో నూరో వంతు కూడా రాదు. ఏ గాలి నేల మీదిదో, ఏది కడలి మీదిదో చెప్పడానికి ఇంతకన్నా నిక్కచ్చి సాక్షి దొరకదు.

ఆస్ట్రేలియా ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. టాస్మేనియా వాయవ్య కొసన ఉన్న కేప్ గ్రిమ్ కేంద్రం 1976 నుంచి పనిచేస్తోంది. దక్షిణ మహాసముద్రం మీదుగా వచ్చే స్వచ్ఛమైన గాలిని కొలవడం దాని పని. ఫలానా గంటలో వచ్చిన గాలి నిజంగా స్వచ్ఛమైనదేనా, దారిలో ఎక్కడైనా నేలను తాకిందా అన్నది తేల్చడంలో రాడాన్‌ది ముఖ్యపాత్ర. స్కాట్ ఛాంబర్స్, ఆలన్ గ్రిఫిత్స్, ఆలస్టర్ విలియమ్స్ వంటి ఆన్‌స్టో (ఆస్ట్రేలియా అణు విజ్ఞాన సంస్థ) శాస్త్రవేత్తలు పెద్ద పెద్ద ట్యాంకులతో నడిచే కొలమానులతో ఏళ్ల తరబడి ఈ పని చేశారు. ప్రపంచం నమ్ముతున్న కార్బన్ రికార్డుల్లో కొన్ని ఈ జల్లెడ దాటి వచ్చినవే. వాతావరణ కంప్యూటర్ నమూనాలకూ ఇదే పరీక్ష. 1997లో 20 నమూనాలను పక్కపక్కన పెట్టి, అవి గాలిని సరిగ్గా కదిలిస్తున్నాయో లేదో రాడాన్‌తోనే చూశారు.

జర్మనీ ఇంకో అడుగు ముందుకు వేసింది. హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్త ఇంగెబోర్గ్ లెవిన్ రాత్రిపూట గాలిని పట్టుకున్నారు. పొద్దుగూకాక నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి పైకి లేవడం మానేస్తుంది. నేల నుంచి వచ్చేవన్నీ ఆ పలుచని పొరలోనే పోగుపడతాయి. రాడాన్ పెరుగుతుంది, మీథేన్ కూడా పెరుగుతుంది. నేల నుంచి రాడాన్ ఎంత వేగంతో వస్తోందో తెలుసు. రెండూ ఏ నిష్పత్తిలో పెరుగుతున్నాయో కొలిస్తే మీథేన్ ఎంత వేగంతో వస్తోందో తేలిపోతుంది. గాలిపొర మందాన్ని ఊహించాల్సిన పని లేదు, రెండూ ఉన్నది అదే పొరలో కదా. 1999లో వచ్చిన అధ్యయనంలో లెవిన్ బృందం జర్మనీ మీథేన్ లెక్కలను గాలితో సరిచూసింది. పాతికేళ్లు దాటాయి. మనం ఇంకా గుణకాల దగ్గరే ఆగిపోయాం.

గాలిని అడిగితే మనకు నష్టమన్న అనుమానం మన అధికారుల్లో ఉంటే, వాళ్లు 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పత్రం చదవాలి. నేల మీది కేంద్రాలు, విమానాలు, ఉపగ్రహం ఇచ్చిన కొలతలతో 2010-15 మధ్య భారత మీథేన్ ఉద్గారాలు ఏటా దాదాపు 2.2 కోట్ల టన్నులని ఆ పత్రం తేల్చింది. మన ప్రభుత్వం చెప్పిన లెక్కకు అది సరిపోయింది. అప్పట్లో కొన్ని అంతర్జాతీయ అంచనాలు అంతకన్నా ఎక్కువ చూపిస్తున్నాయి. అంటే గాలి మన పక్షాన సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యాన్ని ప్రతి వేదిక మీదా వినిపించాల్సిన మనం దాన్ని మూలన పడేశాం. ఇలాంటి అధ్యయనాలన్నిటిలోనూ అన్నిటికంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: గాలి ఎంత ఎత్తు దాకా కలిసిందో మీ నమూనాకు ఎలా తెలుసు? దానికి జవాబు మళ్లీ 3.8 రోజుల రాడానే.

ఒక అభ్యంతరం న్యాయమైనది. నేల తడిస్తే రాడాన్ బయటికి రావడం తగ్గుతుంది. నీటిలో దాని కదలిక గాలిలో కంటే వేల రెట్లు నెమ్మది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నాట్లు వేశాక మడి నిండా నీళ్లుంటాయి. మీథేన్ పుట్టేది సరిగ్గా అప్పుడే, రాడాన్ తగ్గేదీ అప్పుడే. జర్మనీ సూత్రాన్ని తెచ్చి కోనసీమలో యథాతథంగా దించితే లెక్క తప్పుతుంది. అందుకే దుక్కిలో ఎంత, నాట్లలో ఎంత, కోతల తర్వాత ఎంత అని మన నేలల నుంచి వచ్చే రాడాన్‌ను మనమే కొలవాలి. యూరప్ దేశాల కొలతల సంస్థలు 2020లో ట్రేస్‌రాడాన్ ప్రాజెక్టు మొదలుపెట్టింది ఇలాంటి పని కోసమే. కష్టం కాబట్టి వదిలేద్దామనడం వాదన కాదు.

డబ్బు సంగతి కూడా ఉంది. మడిని తడుపుతూ, ఆరబెడుతూ వరి పండిస్తే మీథేన్ తగ్గుతుందనీ, ఆ తగ్గుదలకు కార్బన్ క్రెడిట్లు వస్తాయనీ మన రైతులకు చెబుతున్నారు. చైనాలో ఇలాంటి 37 వరి ప్రాజెక్టులను 2024లో వెరా అనే రిజిస్ట్రీ తిరస్కరించింది. రేపు ఇక్కడ అలా జరిగితే నీళ్లు ఆపుకుని కష్టపడ్డ రైతు చేతిలో ఏం ఉంటుంది? ఒక్కో మడి లెక్క రాడాన్ తేల్చలేదు. డెల్టా మొత్తం మీద మీథేన్ తగ్గిందో లేదో చెప్పడానికి మాత్రం అది గట్టి ఆధారం.

నగరాల్లోనూ ఇదే అవసరం. జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో 131 నగరాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌వి 13, తెలంగాణవి 4. ఏడాది చివర ధూళి ఇంత శాతం తగ్గిందని ప్రకటిస్తారు. తగ్గింది వాహనాల పొగా, లేక ఆ ఏడాది గాలులు బలంగా వీచాయా? చలికాలపు రాత్రి హైదరాబాద్‌లో ధూళి రెట్టింపైతే వాహనాలు రెట్టింపైనట్టు కాదు, గాలి కదలక అంతా కిందే ఉండిపోయినట్టు కావచ్చు. రాడాన్ పక్కన ఉంటే ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. అది లేకుండా చేసే ప్రకటనలను, వాటిని బట్టి పంచే నిధులను ప్రజలు ఎందుకు నమ్మాలి?

మనకు శాస్త్రవేత్తలు లేరనకండి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో రాడాన్‌ను కొలిచారు. షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం హరితగృహ వాయువులను కొలుస్తోంది. ఒక చోట రాడాన్, మరో చోట కార్బన్ కొలిస్తే ఈ లెక్క కుదరదు. రెండూ ఒకే గాలిలో, ఒకే గంటలో, ఏళ్ల తరబడి కొలవాలి. ఉపగ్రహాల ప్రయోగాలకు చప్పట్లు కొట్టే మంత్రులకు నేల మీద నిలబడి పనిచేసే ఒక కొలమాని కనిపించకపోవడం క్షమించరానిది. ప్రచారానికి పనికిరాదని విజ్ఞానాన్ని పక్కన పెట్టే హక్కు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

పర్యావరణ మంత్రిత్వ శాఖ చేయాల్సింది స్పష్టం. గాదంకిలో, షాద్‌నగర్‌లో, రెండు డెల్టాల్లో రాడాన్‌ను కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లతో పాటు కొలవాలి. గంటగంటకూ వచ్చే కొలతలను ఎవరైనా చూసేలా పెట్టాలి. ఐక్యరాజ్యసమితికి పంపే తర్వాతి నివేదికలో గుణకాల పట్టిక పక్కన గాలి కొలత ఉండాలి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ బృందం ఐపీసీసీ 2019లో సవరించిన మార్గదర్శకాలు ఉద్గారాల లెక్కలను వాతావరణ కొలతలతో సరిచూసుకోవడం గురించి వివరంగానే చెప్పాయి. బ్రిటన్, స్విట్జర్లాండ్ ఆ పని ఇప్పటికే చేస్తున్నాయి.