పరిశోధనయు పల్లెబావియు

ప్రతి సంవత్సరమును విశ్వవిద్యాలయములనుండియు పరిశోధనాలయములనుండియు వేలకొలది వ్యాసములు వెలువడుచున్నవి. వైద్యులు వ్రాసినవి వైద్యుల పత్రికలలోను, రసాయనజ్ఞులు వ్రాసినవి రసాయనజ్ఞుల పత్రికలలోను, ఇంజనీర్లును ఆహారశాస్త్రజ్ఞులును వ్రాసినవి వారివారి పత్రికలలోను అచ్చగుచున్నవి. ఒక శాఖవారి వ్రాతలను ఆ శాఖవారే చదివి మెచ్చుకొనుచున్నారు. జ్ఞానము వృద్ధి నొందుచున్నదనుటకు సందేహము లేదు. కాని యే యూరి నీరు, ఏ యూరి ప్రజల యెముకలు ఆ పరిశోధనకు ఆధారమయ్యెనో ఆ యూరికి ఫలితము చేరుచున్నదా యను ప్రశ్న అరుదుగా వినవచ్చుచున్నది. ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. ఎనుబదియేండ్లకు పైబడిన నిదర్శనము తెలుగునేలయందే కలదు. అది ఫ్లోరైడు నీటి కథ.

ఫ్లోరైడు గల నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. గ్రానైటు మొదలగు కఠినశిలల పగుళ్లలో చిరకాలము నిలిచిన నీటిలోనికి ఆ శిలలయందలి ఖనిజములనుండి ఇది కరగి చేరుచున్నది. నీటిలో సున్నపు పాలు తక్కువయై సోడా పాలు హెచ్చుగానున్నచోట మఱింతగా కరగును. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. అంతకు మించిన నీటిని పసితనమునుండి త్రాగిన బిడ్డ పండ్లపై సుద్దవంటి మచ్చలును, గోధుమరంగు చారలును ఏర్పడును. ఫ్లోరైడు మిక్కుటముగానున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినవానికి వెన్నెముక బిగిసి, కీళ్లు కదలక, తుదకు నరములు నొక్కుకొని నడక పోవును. అట్లు బిగిసిన వెన్నును మరల సడలించు మందు లేదు. క్రిములు గల నీరు కాచినచో శుద్ధియగును. ఫ్లోరైడు నీరు కాచినకొలది చిక్కబడును. ఈ యొక్క మాట చెప్పువారు లేక ఎందఱు తల్లులు బిడ్డల మేలు గోరియే నీటిని కాచి యిచ్చిరో యెవరు లెక్కింపగలరు?

ఈ సంగతి లోకమునకు తెలిసిన తీరు గమనింపదగినది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు 1901లో వచ్చిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే, అచ్చటి పిల్లల పండ్ల మచ్చలను చూచి ఆశ్చర్యపడెను. కారణము నీటిలోనే యున్నదని క్రమముగా ఆయనకు తోచెను గాని, ఆ నీటిలో నేమున్నదో ముప్పది యేండ్ల వఱకు తేలలేదు. 1931లో ఒక అల్యూమినియము కంపెనీ రసాయనజ్ఞుడగు చర్చిల్, అట్టి మచ్చలే గల బాక్సైటు అను నూరి నీటిని పరీక్షించి అందు ఫ్లోరైడును పట్టుకొనెను. ఆ సంవత్సరముననే ఆరిజోనా విశ్వవిద్యాలయమునందు ఆహారశాస్త్ర పరిశోధకురాలగు మార్గరెట్ కామాక్ స్మిత్ తన సహచరులతో గూడి, మచ్చపండ్లు గల మఱియొక యూరి నీటిని చిక్కబఱచి యెలుకలకు త్రాగించి, ఫ్లోరైడే కారణమని ఋజువు చేసెను. వైద్యుడు చూచిన దానిని రసాయనజ్ఞుడు పట్టుకొనెను, ఆహారశాస్త్రజ్ఞురాలు నిరూపించెను. ఒక్క శాఖ చేతిలో నున్నంతకాలము ఆ చిక్కు వీడలేదు.

మన దేశమునకు ఈ జ్ఞానము ఆలసింపక వచ్చినది. 1937లోనే మద్రాసు గిండీలోని కింగు సంస్థకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి యనువారు నెల్లూరు జిల్లా పల్లెలలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి కలకత్తానుండి వెలువడుచుండిన ఇండియన్ మెడికల్ గెజెట్టు పత్రికలో ప్రకటించిరి. 1955లో నల్లగొండ జిల్లా వ్యాధిని గూర్చి సిద్దిఖీ యను వైద్యుడు వ్రాసిన వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడెను. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఒక క్రొత్త రూపమును లాన్సెట్టు పత్రిక ద్వారా లోకమునకు తెలిపిరి. ఈ రూపమున వెన్ను బిగియుటకు మాఱుగా పడుచువాండ్ర మోకాళ్లు ఒకదానితో నొకటి రాచుకొనునట్లు కాళ్లు వంకరలు పోవుచుండెను. అట్టివారు ముఖ్యముగా జొన్నకూడు తిను పేదలు. అదే సంస్థవారు పిమ్మట ఆ ప్రాంతపు ధాన్యములలో మాలిబ్డినము, రాగి మొదలగు లోహముల పాళ్లను లెక్కించిరి. 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము వలన చుట్టుపట్ల భూగర్భజలము పైకుబికి నేల స్వభావము మాఱియుండునా యను శంకయు ఆ కాలముననే బయలుదేఱినది. ఒక్క పిల్లవాని మోకాలిలో వైద్యము, రసాయనము, జలాశయ నిర్మాణము, తిండిగింజ అనునవి నాలుగును కలిసియుండెనన్న మాట.

ఇంజనీర్లును ఊరకుండలేదు. 1970 తరువాతి సంవత్సరములలో నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు నీటిలోని ఫ్లోరైడును తొలగించు నొక సులభోపాయమును రూపొందించిరి. నీటిలో పటికయు సున్నమును తగు పాళ్లలో కలిపి, క్రిములు చచ్చుటకు బ్లీచింగు పౌడరు చేర్చి, బాగుగా కలియబెట్టి కదలకుండ నుంచవలయును. పటికవలన నేర్పడు తెల్లని తెట్టెలను ఫ్లోరైడు అంటుకొని అడుగునకు దిగును, పైతేటను వంచుకొనవలయును. దీనికి నల్లగొండ పద్ధతి యని పేరు. టాంజానియా, ఇథియోపియా మొదలగు ఆఫ్రికా దేశములలో గూడ దీనిని ప్రయోగించిరి. అయితే సులభమను మాటను నిదానించి పలుకవలయును. పటిక యెంత వేయవలెనో నీటిలోని ఫ్లోరైడును, క్షారమును బట్టి మాఱుచుండును. తక్కువైనచో ఫలము లేదు. పాళ్లు తప్పినచో అల్యూమినియము నీటిలో మిగులును. అడుగున దిగిన మడ్డిని ఎచ్చట పాఱబోయవలెనో యదియొక చిక్కు. ప్రతిదినము కొలిచి వేయువాడు లేనిచో ఎంత మంచి యంత్రమైనను కొలదికాలములో మూలబడును. ఆ కొలత నేర్పుట రసాయనజ్ఞుని పనియా, ఇంజనీరు పనియా, ఆరోగ్యశాఖ పనియా యని తేలకపోయినచో ఆ పని యెవరిదియు గాదు.

దీని ఫలమును దేశమెల్ల 1996లో చూచినది. ఆ సంవత్సరము జరిగిన లోకసభ యెన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు గెలుపు కోరి నిలిచినవారు కారు. ఫ్లోరైడు లేని నీరు కావలెనని లోకమునకు చాటుటకు నిలిచినవారు. వోటు కాగితము పుస్తకముగా మాఱినది. నెల్లూరు జిల్లా వ్యాసము అచ్చయిన 59 యేండ్లకు, తమ జిల్లా పేరిట గల పద్ధతి పరదేశముల గ్రంథములకెక్కిన పిమ్మట, మంచినీటికై ప్రజలు ఎన్నికను అర్జీగా మార్చుకొనవలసివచ్చినది. జ్ఞానము కొఱవడి ఈ స్థితి రాలేదు. దానిని కావడి నెత్తుకొని మోయువాడు లేక వచ్చినది.

ఇటీవలి పరిశోధనలలో నొకటి మన వంటింటికి మిక్కిలి దగ్గఱిది. 2002లో జాతీయ పోషకాహార సంస్థవారు ఒక వసతిగృహమునందలి 18 మంది బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండును మధ్యాహ్న భోజనముతో 18 దినములు పెట్టి చూచిరి. వారి మూత్రమున విసర్జింపబడు ఫ్లోరైడు హెచ్చినట్లు కనబడెను. ఇది చిన్న పరీక్ష. పదునెనిమిది మంది పిల్లలను బట్టి చింతపండు మందని చాటుట అవివేకము. చింతపులుసు త్రాగినంతమాత్రమున చెడునీరు మంచినీరు కాదు. కాని భోజనమునకును ఈ వ్యాధికిని సంబంధము కలదను సంగతి దీనివలన మఱియొకమాఱు దృఢపడినది. పాలు మొదలగువానియందలి కాల్షియము కడుపులో ఫ్లోరైడును పట్టి రక్తమునకు పోనీయక కొంత ఆపును. కనుక ఒకే బావినీరు త్రాగు నిద్దఱు బిడ్డలలో పాలు దొరకని బిడ్డకు హాని హెచ్చు. ఈ మాట నల్లగొండలోను కనిగిరిలోను ప్రతి తల్లికిని తెలిసియుండవలసినది. వ్యాసమో యింగ్లీషు పత్రికలో నున్నది.

నదీజలములు గొట్టముల ద్వారా వచ్చుచుండగా ఈ చర్చ యేల యని కొందఱడుగవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2016లో ప్రారంభించిన మిషన్ భగీరథ వలన కృష్ణాజలము నల్లగొండ పల్లెలకు చేరినది. అది గొప్పపని, దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని ఇదివఱకే వంగిన యెముకలు గొట్టపు నీటితో చక్కబడవు. గొట్టము పగిలిననాడు, మోటారు చెడిననాడు, ఇంటియొద్దనే యున్న బోరునకు జనులు మరలుట సహజము. ఆ బోరులో నేమున్నదో తెలియనివాడు మరలుటకు సంకోచింపడు.

అదియునుగాక ఈ శిలలు రాష్ట్రముల సరిహద్దుల నెఱుంగవు. కర్ణాటకములోని బాగేపల్లి, పావగడ తాలూకాలలోను, తమిళనాడునందలి కృష్ణగిరి జిల్లాలోను తరతరములుగా కాపురమున్న తెలుగువారు అదే గ్రానైటు మీద, అట్టి బోరుబావులనే నమ్ముకొనియున్నారు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు హొగెనకల్లునుండి కావేరీజలమును తెచ్చు పథకము 2013లో ప్రారంభమయినది. దాని పేరులోనే ఫ్లోరైడు వ్యాధి నివారణము చేరియున్నది. అట్టి పల్లెలయందు ఇంట తెలుగు మాటలాడు వృద్ధురాలికి ఆమె యెఱుగని లిపిలో నున్న హెచ్చరిక గోడమీది బొమ్మవంటిదే. హెచ్చరికలను రాజభాషలో వ్రాయుట న్యాయమే. దాని ప్రక్కన ఆ యింటి భాషలో నాలుగు పంక్తులు చేర్చుట వలన ఎవరి గౌరవమునకును లోపము రాదు.

తెలుగులో శాస్త్రవిషయములు చెప్పుటకు పదములు లేవని చిరకాలమునుండి యొక సాకు వినుచున్నాము. బావి, బోరు, పటిక, సున్నము, జొన్న, చింతపండు, పాలు, ఎముక, మోకాలు — ఈ కథకు కావలసిన పదములలో ఫ్లోరైడు తప్ప తక్కినవన్నియు నిరక్షరాస్యుని నోటనే యున్నవి. పండితుని పని సత్యమును కనుగొనుటయే కాని ప్రచారము కాదని మఱికొందఱు వాదింతురు. ఇందు కొంత న్యాయము గలదు. పరిశోధకుని ప్రయోగశాల విడిచి ఊరూర తిరుగుమని మేము కోరుట లేదు. కాని ప్రజాధనముతో ప్రజల నీటిని, ప్రజల రక్తమును పరీక్షించిన పిమ్మట ఆ ఫలితమును వారికి తెలుపుట ప్రచారము కాదు, బాకీ తీర్చుట.

కావున మేము మూడు సంగతులను సూచించుచున్నాము. మొదటిది: ప్రజాధనముతో ఏ పల్లెలో పరిశోధన జరిగినను, వ్యాసము అచ్చగుటకు ముందో వెనుకో, ఆ పల్లెవారి భాషలో రెండు పుటల నివేదిక ఆ పల్లెకు చేరవలయును, అందుకగు వ్యయమును పరిశోధనకు మంజూరగు ద్రవ్యములోనే కేటాయింపవలయును. రెండవది: ప్రతి బోరుమీదను ఫ్లోరైడు అంకెను, పరీక్షించిన సంవత్సరమును స్థానిక భాషలలో వ్రాయవలయును. బంగ్లాదేశములో ఆర్సెనికు గల గొట్టపుబావులకు ఎఱ్ఱరంగును, లేనివానికి పచ్చరంగును పూసిరి. చదువురానివారు సైతము గ్రహించిరి. ఇది కోట్ల రూపాయల పని కాదు, కుంచెతో నగు పని. మూడవది: ఫ్లోరైడు గల ప్రతి జిల్లాయందును సమీప విశ్వవిద్యాలయమునుండి వైద్యుడు, రసాయనజ్ఞుడు, ఇంజనీరు, ఆహారశాస్త్రజ్ఞుడు నలువురును కలిసి యొక్క సంఘముగా నేర్పడి, సంవత్సరమున కొకమాఱు ఒక్క నివేదిక నీయవలయును. నలువురు నాలుగు నివేదికలిచ్చిన యెడల వానిని కలిపి చదువు భారము, ఆ పని యేమాత్రము చేయజాలని పల్లెవాని మీద పడుచున్నది.

రాజధానియందు ఉద్యోగించు తెలుగువారికి ఈ సందర్భమున ప్రత్యేకముగా నొక మాట చెప్పవలసియున్నది. నీటి ప్రమాణములను నిర్ణయించు సంస్థయు, వైద్యపరిశోధనలకు ద్రవ్యమిచ్చు మండలియు మీ నగరముననే యున్నవి. వానిలో పనిచేయువారు మీలో నున్నారు; వారితో పరిచయము గలవారు మఱింతమంది యున్నారు. పల్లెలకు అందని ఇంగ్లీషు పత్రికలు మీ బల్లలమీద నున్నవి. కనిగిరినుండియో, నల్లగొండనుండియో, పావగడనుండియో వచ్చి స్థిరపడిన వైద్యుడు తన తాలూకాకై రెండు పుటలు తెలుగున వ్రాసినచో, రసాయనజ్ఞుడు స్వగ్రామపు బోరునీటిని పరీక్షించి అంకెను పంచాయతీకి పంపినచో, ఇంజనీరు మూలబడిన శుద్ధియంత్రము ఏల మూలబడెనో విచారించినచో, అది ప్రభుత్వముల పనికి అడ్డు రాదు, తోడగును. ఏటేట సంఘముల వార్షికోత్సవములలో సన్మానములకు వెచ్చించు శ్రమలో పదియవవంతు దీనికి చాలును.

1937లో అచ్చయిన ఆ వ్యాసమును చదువుటకు నేడును ఇంగ్లీషు రావలయును, గ్రంథాలయము దొరకవలయును. ఆ సంవత్సరమున నెల్లూరు జిల్లా మెట్టపల్లెలో పుట్టిన బిడ్డకు ఈ రెండును దొరకలేదు. నేడు పుట్టిన బిడ్డకైనను తన యింటి బోరుమీది అంకె కనబడునట్లు చేయుట మన చేతిలోని పని. మా పాఠకులు దీనికి పూనుకొందురని నమ్ముచున్నాము.