రాయి తీసిన తరువాత

"కొన్న ధరకు ఇరవై రెట్లు పోసి దానికి ఆపరేషనా?" అమెరికాలో పిల్లల కోసం గినీ పందిని పెంచే మన తెలుగిళ్ళలో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. (పేరుకు పందే గాని అది ఎలుకల వర్గానిది; పుట్టిల్లు ఆండీస్ పర్వతసీమ.) మూత్రంలో నెత్తురు పడుతూ, పోసుకున్నప్పుడల్లా కీచుమనే ప్రాణిని అలాగే వదిలివేయడానికి చౌకతనం ఒక కారణమా? ఆపరేషన్ వద్దనేవారు నొప్పిలేని మరణాన్నయినా ఇప్పించాలి.

కుక్కలలో కొన్ని రకాల రాళ్ళు ఆహారం మార్చితే కరుగుతాయి. గినీ పందికి సాధారణంగా వచ్చేది కాల్షియం కార్బొనేట్ రాయి, అది కరగదు. తిన్న కాల్షియాన్ని అవసరంతో నిమిత్తం లేకుండా పీల్చుకొని, మిగులును మూత్రం గుండా పంపివేసే శరీరం దానిది. ఆడదానిలో చిన్న రాయి ఒక్కొక్కసారి దానంతటదే పడిపోవచ్చు. తక్కినవాటికి మూత్రాశయం కోయవలసినదే.

అయితే ఆపరేషన్ అంటే వెంటనే తలయూపేవారితోనూ నాకు పేచీ ఉంది. సర్జను పని బల్ల మీద ముగుస్తుంది, తరువాతిది ఇంటివారిది. తిండి మానిన గినీ పందికి ఒక్క రోజులోనే పేగులు మందగిస్తాయి. కుట్లు చక్కగా ఉన్నా ప్రాణం పోవచ్చు. నొప్పి మందు వేళ తప్పకూడదు. గడ్డిపిండిని నీళ్ళలో కలిపి, సిరంజితో కొద్దికొద్దిగా, రాత్రివేళ కూడా తినిపించాలి. రోజూ తూకం చూడాలి. మనం మింగే అమాక్సిసిలిన్ దాని నోట పోస్తే విషమే. ఇంతా చేసి, లూసర్న్ గడ్డి (అమెరికా వారి ఆల్ఫాల్ఫా) మాన్పించి తిమోతీ గడ్డి పెట్టినా, రాయి మళ్ళీ రావచ్చు.

కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ రాత్రులు ఎవరు మేలుకుంటారో ఇంట్లో తేల్చుకోండి. పదేళ్ళ పిల్లవాడి పేర మాత్రం రాయకండి.