త్యాగానికి రుజువేదీ?

ఇరవై ఏళ్ల కుర్రాడు. 1942లో చదువు మానేసి ఉద్యమంలోకి దూకాడు. పోలీసులు పట్టుకుని వేలూరు జైలుకు పంపారు. విడుదలై ఇంటికొచ్చాడు. పెళ్లి, పిల్లలు, సేద్యం... ముప్ఫై ఏళ్లు గడిచిపోయాయి. అప్పుడు సర్కారు పిలిచి 'నీకు పింఛనిస్తాం, జైలుకెళ్లినట్టు కాగితం చూపించు' అంది. ఏం చూపిస్తాడు?

చిత్తూరు జిల్లాలో ఇది ఏ ఒక్కరి కథో కాదు. జైలు గేటు దాటేటప్పుడు రసీదు అడిగి తీసుకోవాలని ఆరోజుల్లో ఎవరికి తోచింది గనక!

స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన సందర్భంగా 1972 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం సమరయోధుల పింఛను పథకం మొదలుపెట్టింది. నెలకు 200 రూపాయలు. అదీ ఏడాదికి 5,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్లకే. 1980లో ఆ ఆదాయ పరిమితి తీసేశారు. పేరు కూడా 'స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ పెన్షన్' అని మార్చారు. సమ్మాన్ అంటే గౌరవం. ఇది పేదరికానికి వేసే ధర్మం కాదు, త్యాగానికి పెట్టే దండం అని ఆ పేరులోనే ఉంది. ఇప్పటిదాకా దేశంలో లక్షా డెబ్బై వేల మందికి పైగా ఈ గౌరవం దక్కింది.

కానీ దండం పెట్టేముందు కొలత ఉంది. కనీసం ఆరు నెలలు జైల్లో ఉండాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు చాలు. లేదా ఆరు నెలలకు పైగా అజ్ఞాతంలో గడిపి ఉండాలి. ఆస్తి జప్తయినా, తుపాకీ గుండుకో లాఠీ దెబ్బకో శాశ్వతంగా అవిటివాళ్లయినా అర్హులే. అన్నిటికీ సర్కారు కాగితమే సాక్ష్యం.

మరి చిత్తూరు జిల్లావాళ్ల కాగితాలు ఎక్కడున్నాయి? అసలు చిక్కంతా ఇక్కడే.

ఈ జిల్లా 1911లో పుట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చేశారు. అప్పట్లో అంతా మద్రాసు రాజధానే. ఉద్యమకారులను వేలూరుకో, బళ్లారి దగ్గరి అలీపురానికో, కడలూరుకో, తిరుచిరాపల్లికో పంపేవారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మనుషులు ఇటొచ్చారు, జైళ్లు అటు మిగిలాయి. వేలూరు, కడలూరు, తిరుచిరాపల్లి మద్రాసులోనే ఉండిపోయాయి. బళ్లారి మైసూరుకు పోయింది. 1960లో సరిహద్దులు మరోసారి సర్దారు. తిరుత్తణి అటెళ్లింది, సత్యవేడు ఇటొచ్చింది. చిత్తూరు నుంచి వేలూరు బస్సులో గంట దారి. దస్త్రానికి మాత్రం అది పరాయి రాష్ట్రం. ఈ కలెక్టరాఫీసు రాయాలి, ఆ సర్కారు వెతకాలి, దొరికితే చెప్పాలి. చెదలు తిన్నా, నియమం ప్రకారం కాల్చేసినా 'దొరకలేదు' అని ఇంకో కాగితం తేవాలి.

పేరున్నవాళ్లకు ఈ బాధ లేదు. తిరుచానూరులో పుట్టి తర్వాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1940 వ్యక్తి సత్యాగ్రహంలోనూ, క్విట్ ఇండియాలోనూ జైలుకెళ్లారు. అది చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆయన వెనక జెండా పట్టుకుని నడిచిన పల్లెటూరి మనిషిని ఏ పుస్తకంలో వెతకాలి?

జైలు కాగితం దొరక్కపోతే తోటి ఖైదీలు ధ్రువపత్రం ఇవ్వొచ్చు. అజ్ఞాతంలో ఉన్నవాళ్ల గతి మరీ విచిత్రం. వారంటు ఉందా, తలకు వెల కట్టారా అని అడుగుతారు. అంటే పోలీసులు వెతికినట్టు రుజువు కావాలి. ఎవరి కంటా పడకుండా దాక్కున్నవాడికి రుజువు ఉండదు. ఎంత బాగా దాక్కుంటే ఇప్పుడు అంత నష్టం! ఏళ్ల తరబడి జైల్లో గడిపిన సమరయోధుడెవరైనా 'ఇతను నాకు తెలుసు' అని రాసిస్తే చెల్లుతుంది. కానీ ఆ పెద్దాయన బతికుండాలి కదా.

సర్కారు జాగ్రత్తను తప్పుపట్టడానికీ లేదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బోగస్ సమరయోధుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దొంగలు ఒక్కరు దూరితే నిజమైనవాళ్లు పదిమందీ అనుమానితులవుతారు. అయినా న్యాయస్థానం పెద్ద మనసే చూపింది. ఆలస్యంగా దరఖాస్తు చేశారని తిప్పిపంపొద్దని 1993లో చెప్పింది. క్రిమినల్ కేసులో అడిగినంత రుజువు ఇక్కడ అడగొద్దని 2001లో చెప్పింది. నిజాం వ్యతిరేక పోరాటంలో సరిహద్దు శిబిరాల్లో ఉన్నవాళ్ల విషయంలో, ఆ పోరాటం ఎరిగిన చండ్ర రాజేశ్వరరావు నాయకత్వంలో ఒక కమిటీ వేసి దరఖాస్తులు చూడమన్నారు. కాగితం లేనిచోట మనిషి జ్ఞాపకమే సాక్ష్యమన్నమాట.

ఇది మన దేశపు జాడ్యమే అనుకుంటే పొరపాటు. మనలాగే ఇంగ్లిషువాళ్లతో పోరాడిన ఐర్లండులోనూ ఇదే కథ. మార్గరెట్ స్కినైడర్ అనే టీచరమ్మ 1916 ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్ వీధుల్లో తుపాకీ పట్టింది. మూడు తూటాలు తగిలాయి. 1925లో గాయాల పింఛనుకు దరఖాస్తు పెడితే కాదన్నారు. గాయం అబద్ధమని కాదు. చట్టంలో 'సైనికుడు' అంటే మగవాడే అని అర్థం చెప్పారు! ఆమె పట్టు వదల్లేదు. చివరికి 1938లో పింఛను వచ్చింది.

ఐర్లండు తర్వాత ఒక మంచి పని చేసింది. ఇలాంటి దరఖాస్తులన్నీ జాగ్రత్త చేసి 2014 నుంచి విడతలవారీగా ఇంటర్నెట్లో పెడుతోంది. పింఛను కోసం 'ఆ రాత్రి నేనెక్కడున్నాను, నా పక్కనెవరున్నారు' అని రాసిచ్చిన ప్రతి కాగితమూ ఇప్పుడు చరిత్రే. మనవలు తాతల కథలు వాటిల్లో చదువుకుంటున్నారు.

మన దగ్గర 2016 ఆగస్టు నుంచి ఈ పింఛను మూల మొత్తాన్ని 26,000 రూపాయలు చేశారు. అండమాన్ ఖైదీలకు 30,000. అందుకునే చేతులు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నాయి. క్విట్ ఇండియా నాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు బతికుంటే ఇప్పుడు నూరు దాటినవాళ్లే.

మిగిలేది దరఖాస్తులే. చిత్తూరు, తిరుపతి ఊళ్లనుంచి వెళ్లినవాటిలో మంజూరైనవీ ఉంటాయి, 'ఆధారాలు లేవు' అని తిరస్కరించినవీ ఉంటాయి. ఒక పల్లెటూరి మనిషి తన జీవితం గురించి సర్కారుకు రాసుకున్న ఒకే ఒక్క కథ అందులో ఉండొచ్చు. పింఛనైతే ఇవ్వలేకపోయాం. ఆ కాగితాన్నైనా చెదలకు వదలకుండా ఉంటే, రుజువు అడిగిన ప్రభుత్వం దగ్గరే ఆయన రుజువు భద్రంగా ఉన్నట్టు!