రిజిస్ట్రీకి చీపురు అవసరమా?



గత మాసంలో ఒక సాయంత్రం, పదవీ విరమణకు చేరువలో ఉన్న మిత్రుడొకరు మా క్వార్టరుకు వచ్చి, తన ఇంటి కంప్యూటరు తెరను తీసిన ఫోటో చూపించారు. కంప్యూటరులో 1,300 లోపాలు ఉన్నాయని, డబ్బు చెల్లిస్తే వెంటనే సరిచేస్తామని అందులోని సారాంశం. "ఇన్ని లోపాలుంటే ఇది ఇంకా ఎలా నడుస్తోందండీ?" అని ఆయన ఆందోళనగా అడిగారు. ఆ ప్రశ్నలోనే సమాధానం ఉన్నది. నిజంగా అన్ని లోపాలుంటే అది నడవదు.

ఆ 'లోపాలు' చాలావరకు రిజిస్ట్రీలోని పాత నమోదులు. రిజిస్ట్రీ అనగా విండోస్‌కూ, అందులోని ప్రోగ్రాములకూ సంబంధించిన అమరికలన్నీ రాసిపెట్టుకునే చిట్టా. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలై, 1995లో విండోస్ 95తో ప్రధానస్థానం పొందింది. మనం ఒక ప్రోగ్రామును తొలగించినప్పుడు దాని నమోదులు కొన్ని మిగిలిపోవడం సహజం. అయితే వాటివల్ల వేగం తగ్గుతుందా? మన స్టోర్సును తలచుకోండి. ఒక బేరింగు కావలసివస్తే కోడు నంబరు చూసి నేరుగా దాని బిన్ కార్డు తీస్తాము. వాడుకలో లేని వస్తువుల కార్డులు పక్కన ఎన్ని ఉన్నా మన పని ఆలస్యం కాదు. విండోస్ వెతికే పద్ధతీ ఇంచుమించు ఇదే. లక్షల నమోదులలో కొన్ని వందలు తీసివేస్తే వేగంలో తేడా మనకు తెలియనే తెలియదు.

లాభం లేకపోతే పోనీ, నష్టం ఉన్నది. కొన్నేళ్ల క్రితం నేనే ఉత్సాహపడి ఇంట్లో అటువంటి సాఫ్ట్‌వేరు ఒకటి నడిపాను. మరునాడు ఉదయం స్కానరు పనిచేయలేదు. ఆనాడే మా అమ్మాయి ధ్రువపత్రాలు పంపడానికి ఆఖరి తేదీ. 'అనవసరం' అని ఆ సాఫ్ట్‌వేరు తీసివేసిన నమోదులలో స్కానరుకు అవసరమైనవి ఉన్నాయి. ముందురోజు రిస్టోర్ పాయింటు ఒకటి తీసి ఉంచబట్టి మధ్యాహ్నానికి గండం గడిచింది. ఇంట్లోవారి ముందు ఇంజనీరు పరువు మాత్రం దక్కలేదు! రిజిస్ట్రీని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని విండోస్ తయారీదారైన మైక్రోసాఫ్టే స్పష్టం చేసింది.

భయపెట్టి అమ్మే వ్యాపారం మన దేశానికే పరిమితం కాదు. కంప్యూటరు ఆరోగ్య పరీక్ష పేరిట వినియోగదారులను తప్పుదారి పట్టించారన్న అభియోగంపై 2019లో అమెరికాలో ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ సంస్థలు రెండూ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. పరీక్షకు ముందు అడిగే నాలుగు ప్రశ్నలలో ఏ ఒక్కదానికి 'అవును' అని గుర్తుపెట్టినా, ఫలితంలో సమస్య ఉన్నట్లే చూపేదన్నది ఆ అభియోగం.

ఇక డీఫ్రాగ్‌మెంటేషన్ సంగతి వేరు. దానికి ఒకప్పుడు గట్టి కారణం ఉండేది. తిరిగే హార్డ్ డిస్కులో ఒకే ఫైలు ముక్కలై పలుచోట్ల పడితే, చదివే హెడ్డు ప్రతి ముక్కకూ కదలాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే హెడ్డు సరైన వరుసకు చేరిన తరువాత కూడా సగటున 4 మిల్లీసెకన్లకు పైగా వేచి ఉండాలి. ముక్కలు వేలయితే ఆలస్యం కంటికి కనబడుతుంది. అయితే విండోస్ విస్టా కాలం నుంచి ఈ పనిని విండోస్ తనంతట తానే నిర్ణీత వేళల్లో చేసుకుంటున్నది. దీనికోసం విడిగా కొనవలసినది ఏమీ లేదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే చక్రం లేదు, కదిలే హెడ్డు లేదు. ముక్కలు ఎక్కడ ఉన్నా చేరుకునే సమయం దాదాపు ఒకటే. పైగా అందులోని కణాలు పరిమితమైన రాతలనే తట్టుకుంటాయి కనుక, పనిగట్టుకొని డీఫ్రాగ్ చేయడం అరుగుదలకు దోహదం చేయడమే. మీది ఏ రకమో తెలియకపోతే స్టార్ట్ మెనూలో 'డీఫ్రాగ్' అని ఇంగ్లీషులో టైపు చేయండి. తెరుచుకునే కిటికీలో ప్రతి డ్రైవు పక్కనా దాని రకం రాసి ఉంటుంది.

మరి కంప్యూటరు నిజంగా నెమ్మదించినప్పుడు ఏమి చేయాలి? ప్లాంటులో మనం చేసేదే. కంపనం కొలవకుండా పంపు విప్పము కదా! కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ నిండిందా, డిస్కు ఎడతెగక నూరు శాతం చూపుతున్నదా గమనించండి. స్టార్టప్ పేజీలో అక్కరలేని వాటిని నిలిపివేయండి. డ్రైవులో కొంత ఖాళీ ఉంచండి. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చితే వచ్చే మార్పు ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. చీపురు పట్టదలిస్తే, విద్యుత్తు తీసివేసి, ఫ్యానుపై పేరుకున్న దుమ్మును దులపండి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల ధ్రువపత్రాలు, పింఛను కాగితాలు, పెళ్లి ఫోటోలు మరొక డ్రైవులో కూడా భద్రపరచండి. మా మిత్రుడు డబ్బు చెల్లించలేదు. ఆయన కంప్యూటరు ఆ '1,300 లోపాల'తోనే ఈనాటికీ చక్కగా నడుస్తున్నది.

బ్యాకప్ తీసుకునే పద్ధతులను వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం.